రెండు జీతాలున్న ఇంటికి కాలేజీ సాయం వస్తుందా? అమెరికాలోని తెలుగు తల్లిదండ్రులకు మెట్టుమెట్టుగా

మా పెద్దమ్మాయి పన్నెండో తరగతికి వచ్చేదాకా మా ఇంట్లో ఫాఫ్సా (కాలేజీ ఖర్చుకు ప్రభుత్వ సాయం అడిగే ఫెడరల్ ఫారం) అన్న మాటే వినపడలేదు. మా ఆయనా నేనూ ఇద్దరం ఐటీ ఉద్యోగాల్లో ఉన్నాం. అట్లాంటాకు ఉత్తరాన కమ్మింగ్‌లో ఇల్లు, హైదరాబాద్‌లో ఒక ఫ్లాటు. "మన జీతాలకు సాయం ఎవరిస్తారు?" అన్నారాయన. నేనూ సరే అనేశాను. ఆ ఏడాది అమ్మాయికి సీటిచ్చిన ఒక ప్రైవేటు కాలేజీ, మార్కులను బట్టి ఇచ్చే స్కాలర్‌షిప్పుకు కూడా ఆర్థిక వివరాల ఫారాలు నవంబరులోపే అడిగిందని మాకు ఫిబ్రవరిలో తెలిసింది. గడువు ఎప్పుడో దాటిపోయింది. పిల్ల ఏమీ అనలేదు కానీ ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. అబ్బాయి వంతు వచ్చేలోపు ఈ లెక్కలన్నీ కూర్చుని నేర్చుకున్నాను. నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ఇంట్లో ఏడాదికి లక్షన్నర నుంచి మూడు లక్షల డాలర్ల ఆదాయం ఉన్నవాళ్లను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. మూడు లక్షలు దాటితే అవసరాన్ని బట్టి ఇచ్చే సాయం చాలావరకు మూసుకుపోతుంది. అలాంటివాళ్లు నేరుగా ఆరో మెట్టుకు వెళ్లినా నష్టం లేదు.

మొదటి మెట్టు: పిల్లల స్టేటస్ ఏమిటో తేల్చుకోండి

ఫెడరల్ సాయానికి చూసేది పిల్లల స్టేటస్‌ని. తల్లిదండ్రుల వీసాతో పని లేదు. ఇక్కడ పుట్టిన బిడ్డకు, గ్రీన్‌కార్డు ఉన్న బిడ్డకు ఫాఫ్సా నింపే హక్కు పూర్తిగా ఉంటుంది. అమ్మానాన్నలు ఇంకా హెచ్‌1బీ (ఉద్యోగ వీసా) మీదే ఉన్నా అడ్డేమీ లేదు. "మనం వీసా మీద ఉన్నాం కదా, మనకు రాదు" అని ఊరుకున్న ఇళ్లు నాకు తెలిసినవే నాలుగున్నాయి. వాటిలో మూడిళ్ల పిల్లలు అమెరికా పౌరులు!

హెచ్‌4 (హెచ్‌1బీ వాళ్ల కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉన్న పిల్లలది వేరే దారి, కష్టమైన దారి. ఫెడరల్ సాయం రాదు. ఐ485 (గ్రీన్‌కార్డు దరఖాస్తు) పెండింగ్‌లో ఉన్నంత మాత్రాన కూడా రాదు. ప్రైవేటు కాలేజీలు చాలావరకు వీళ్లను అంతర్జాతీయ విద్యార్థులుగానే లెక్కేస్తాయి. అక్కడ సాయం అడిగితే సీటు అవకాశం తగ్గే చోట్లే ఎక్కువ. అలా తగ్గించని కాలేజీలు కొన్ని ఉన్నాయి: హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్, డార్ట్‌మత్, బోడెన్, బ్రౌన్. ఇక స్టేట్ యూనివర్సిటీల్లో స్థానిక ఫీజు (ఆ రాష్ట్రం వాళ్లకు ఉండే తక్కువ ఫీజు) విషయానికొస్తే, హెచ్‌4 పిల్లలకు దాన్ని ఇచ్చే రాష్ట్రాలు ఉన్నాయి. టెక్సస్ వాటిలో ఒకటి. మీ రాష్ట్రం నియమం ఏమిటో పిల్లలు తొమ్మిదో తరగతిలో ఉండగానే కనుక్కోండి. ఇరవై ఒకటి నిండి ఎఫ్1 (విద్యార్థి వీసా)కి మారితే ఆ ఫీజు ఉంటుందో ఊడుతుందో కూడా అప్పుడే అడగండి. గ్రీన్‌కార్డు లైనులో పదేళ్లుగా నిలబడ్డ ఇంటికి ఇది మరో దెబ్బ. ముందే తెలిస్తే కాలేజీల జాబితా వేరేలా వేసుకోవచ్చు.

రెండో మెట్టు: లెక్కలోకి వచ్చే సంవత్సరం గుర్తుపెట్టుకోండి

చాలామంది పొరపడేది ఇక్కడే. కాలేజీలో చేరే ఏడాది ఆదాయాన్ని ఎవరూ చూడరు, రెండేళ్ల వెనకటి పన్ను రిటర్ను చూస్తారు. 2027 ఆగస్టులో చేరే పిల్లలకు 2025 ఆదాయమే లెక్క. అంటే పదో తరగతి జనవరి నుంచి పదకొండో తరగతి డిసెంబరు దాకా ఇంట్లోకి వచ్చిన ప్రతి డాలరూ మొదటి ఏడాది సాయాన్ని నిర్ణయిస్తుంది.

కాబట్టి ఆ పన్నెండు నెలల్లో చేతిలో ఉన్నంతవరకు ఆదాయాన్ని అనవసరంగా ఉబ్బించకండి. లాభంలో ఉన్న షేర్లు అమ్మాలనుకుంటే అంతకు ముందు ఏడాదే అమ్మండి. ఇండియాలో స్థలం అమ్మే ఆలోచన ఉన్నా అంతే, అమ్మితే వచ్చిన లాభం ఇక్కడి రిటర్నులో చూపించాల్సిందే. ఐఆర్‌ఏ (సొంతంగా తెరిచే రిటైర్మెంట్ ఖాతా) నుంచి దానిలోనే మరో రకమైన రాత్‌కు మార్చుకోవడం కూడా ఆ ఏడాది వద్దు. ఆర్‌ఎస్‌యూలు (కంపెనీ ఇచ్చే షేర్లు) ఎప్పుడు వెస్ట్ అవుతాయో, అంటే ఎప్పుడు మన సొంతమవుతాయో, మన చేతిలో ఉండదు. ఆ ఏడాది ఒక్కసారిగా పెద్ద మొత్తం వచ్చి ఉంటే, ఆ కాగితాలు దాచిపెట్టుకోండి, సాయం పెంచమని కాలేజీకి అప్పీలు (ఎనిమిదో మెట్టు) రాసేటప్పుడు పనికొస్తాయి.

మూడో మెట్టు: ఫెడరల్ లెక్క మీరే కట్టి చూడండి

ఫాఫ్సా నింపితే చివర ఒక అంకె వస్తుంది. దాని పేరు స్టూడెంట్ ఎయిడ్ ఇండెక్స్, ఎస్‌ఏఐ అంటారు. 2024-25 నుంచి ఈఎఫ్‌సీ అనే పాత అంకె స్థానంలో ఇది వచ్చింది. కాలేజీ మొత్తం ఖర్చులోంచి ఈ అంకె తీసేస్తే మిగిలేది మీ "అవసరం".

నలుగురున్న ఇల్లు, ఇద్దరూ చెరి 1,25,000 డాలర్లు తెచ్చుకుంటున్నారు అనుకుందాం. మొత్తం 2,50,000. అందులోంచి ఫెడరల్ పన్ను సుమారు 39,000, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు సుమారు 19,000, కుటుంబ పోషణకు సుమారు 45,000, ఇద్దరూ ఉద్యోగం చేస్తున్నందుకు దాదాపు 5,000 తీసేస్తారు. మిగిలే లక్షా నలభై రెండు వేలలో కింది భాగానికి తక్కువ శాతం, పైభాగానికి 47 శాతం చొప్పున లాగుతారు. చివరికి తేలే ఎస్‌ఏఐ సుమారు 59,000. ఆస్తుల జోలికి ఇంకా వెళ్లనే లేదు.

ఏడాదికి 32,000 ఖర్చయ్యే స్టేట్ యూనివర్సిటీలో ఈ ఇంటికి అవసరం సున్నా. 92,000 ఖర్చయ్యే ప్రైవేటు కాలేజీలో 33,000 అవసరం ఉంది. ఆదాయం ఒకటే, ఇల్లు ఒకటే, కాలేజీ మారితే అర్హత మారుతుంది. "మనకు సాయం రాదు" అనే మాట ఏ కాలేజీ గురించి అంటున్నామో చెప్పకుండా అనేది కాదు.

ఇంకో పెద్ద మార్పు. ఇద్దరు పిల్లలు ఒకేసారి కాలేజీలో ఉంటే ఇదివరకు ఫెడరల్ లెక్కలో ఆ అంకెను ఇద్దరికీ పంచేవారు. 2024-25 నుంచి పంచడం లేదు. రెండేళ్ల తేడాతో ఇద్దరు పిల్లలున్న మన ఇళ్లకు దీనంత నష్టం చేసిన మార్పు లేదు. అయితే సొంత లెక్క వేసుకునే ప్రైవేటు కాలేజీల్లో చాలావాటిలో ఆ తగ్గింపు ఇంకా ఉంది. ఇద్దరు పిల్లలుంటే ప్రతి కాలేజీనీ ఈ ఒక్క ప్రశ్నా విడిగా అడగండి.

నాలుగో మెట్టు: ఆస్తులు, ముఖ్యంగా ఇండియాలో ఉన్నవి

ఫాఫ్సా లెక్కలోకి రానివి: మీరు ఉంటున్న ఇల్లు, 401కే (ఉద్యోగం ద్వారా వేసుకునే రిటైర్మెంట్ ఖాతా), ఐఆర్‌ఏ, జీవిత బీమా. వచ్చేవి: బ్యాంకులో డబ్బు, షేర్లు, ఆ పిల్ల పేరున తీసిన 529 ఖాతా (చదువు కోసం దాచుకునే ఖాతా), మీరు ఉండని ప్రతి ఇల్లూ, ప్రతి ప్లాటూ.

ఆ చివరి ముక్క దగ్గర కాసేపు ఆగాలి. హైదరాబాద్‌లో అద్దెకిచ్చిన ఫ్లాటు, విజయవాడ పక్కన కొన్న ప్లాటు, ఊళ్లో పట్టాదారు పాస్‌బుక్ మీ పేరున ఉన్న ఎకరాలు, ఇండియా బ్యాంకుల్లోని ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ డిపాజిట్లు, అన్నీ రాయాల్సిందే. ఫారం నింపే రోజున మార్కెట్ విలువ ఎంత, దాని మీద అప్పు ఎంత, మిగిలింది డాలర్లలో ఎంత, అంతే. ఇక్కడి కుటుంబ వ్యవసాయ భూములకు 2026-27 నుంచి మళ్లీ మినహాయింపు ఇచ్చారు, కానీ అది కుటుంబం నివసిస్తున్న పొలానికే. కౌలుకిచ్చిన మన ఊరి పొలం దానికిందకు రాదు. నాన్నగారి పేరున ఉన్న భూమి ఆయనది. దాన్ని మీ ఆస్తిగా రాయక్కర్లేదు.

తల్లిదండ్రుల ఆస్తిలో ఏడాదికి గరిష్ఠంగా 5.64 శాతం ఎస్‌ఏఐలో కలుస్తుంది. లక్షా యాభై వేల డాలర్ల ఫ్లాటు ఉంటే ఏడాదికి 8,460, నాలుగేళ్లకు 33,840. ఇది విన్నాక "అక్కడిది వీళ్లకెలా తెలుస్తుంది, రాయకపోతే సరి" అనే సలహా మీకు తప్పకుండా ఎవరో ఒకరు ఇస్తారు. వినకండి. ఫాఫ్సాలో తెలిసి అబద్ధం రాస్తే 20,000 డాలర్ల దాకా జరిమానా, జైలు. పైగా ఆ ఫ్లాటు అద్దె మీ పన్ను రిటర్నులో ఉంటుంది, ఆ రిటర్నులోని ఆదాయపు అంకెలను ఐఆర్‌ఎస్ (పన్నుల శాఖ) నేరుగా ఫాఫ్సాకు పంపిస్తుంది. పది వేల డాలర్లు దాటిన విదేశీ ఖాతాలు ఎఫ్‌బార్‌లో (విదేశీ ఖాతాల వివరాలిచ్చే ఫారంలో) ఎలాగూ చూపిస్తున్నారు. ఒకచోట చూపి ఇంకోచోట దాస్తే, ఆ సంతకం కింద పిల్ల సంతకం కూడా ఉంటుందని గుర్తుంచుకోండి.

న్యాయంగా చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. పుట్టినప్పటి నుంచి పిల్లల పేరున యూటీఎంఏ ఖాతాలో (మైనర్ పిల్లల పేరున పెద్దలు నడిపే ఖాతాలో) వేస్తూ వచ్చిన డబ్బు పిల్లల ఆస్తి అవుతుంది. దానికి 20 శాతం లాగుతారు. ఇరవై వేలు అలా ఉంటే 4,000 కలుస్తుంది. అదే డబ్బు 529లోకి మారిస్తే తల్లిదండ్రుల లెక్కలోకి వచ్చి 1,128కి తగ్గుతుంది. మేం చేసిన తప్పు ఇదే, పాపకు వచ్చిన పుట్టినరోజు డబ్బంతా ఆమె పేరునే పెట్టాం. తాతయ్య, అమ్మమ్మల పేరున తెరిచిన 529 ఇప్పుడు ఫాఫ్సాలో లెక్కకు రాదు. ఎలాగూ కొనాల్సిన కారు, కట్టాల్సిన క్రెడిట్ కార్డు బాకీ, వేయించాల్సిన ఇంటి పైకప్పు ఉంటే ఫారం పంపే ముందే ఆ ఖర్చులు పెట్టేయండి. ఫారం చూసేది ఆ రోజు బ్యాంకులో ఉన్నదాన్ని.

401కే గురించి: ఇప్పుడు ఫాఫ్సా జీతంలోంచి 401కేలో వేసిన డబ్బును తిరిగి ఆదాయంలో కలపడం లేదు. 2025లో ఒక్కొక్కరికి పరిమితి 23,500. ఇద్దరూ నిండుగా వేస్తే మన ఉదాహరణ ఇంట్లో ఎస్‌ఏఐ పదిహేడు వేల దాకా తగ్గుతుంది. కానీ కింద చెప్పబోయే సీఎస్‌ఎస్ లెక్కలో దాన్ని తిరిగి కలుపుతారు. సాయం కోసమే అని కాకుండా, ముసలితనం కోసం వేసుకోండి.

ఐదో మెట్టు: సీఎస్‌ఎస్ ప్రొఫైల్, నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్

సొంత డబ్బుతో పెద్ద సాయం చేసే ప్రైవేటు కాలేజీల్లో చాలావాటికి ఫాఫ్సా ఒక్కటే చాలదు. కాలేజ్ బోర్డు నడిపే సీఎస్‌ఎస్ ప్రొఫైల్ కూడా నింపాలి. మొదటి కాలేజీకి 25 డాలర్లు, తర్వాత ఒక్కోదానికి 16. ఇందులో మీరుంటున్న ఇంటి విలువ, దాని మీద అప్పు కూడా అడుగుతారు. ఆ సమాధానాన్ని ఎలా వాడుకుంటారో ఏ కాలేజీకి ఆ కాలేజీ వేరు. హార్వర్డ్, ప్రిన్స్‌టన్, పెన్ (పెన్సిల్వేనియా యూనివర్సిటీ) సొంతింటి విలువను లెక్కలోకి తీసుకోవు. ఇంకొన్ని పూర్తిగా తీసుకుంటాయి. పదిహేనేళ్ల కింద కాలిఫోర్నియాలోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొన్నవాళ్లకు ఈ ఒక్క తేడా ఏటా వేల డాలర్ల మాట.

ఇంత తలనొప్పి లేకుండా ముందే తెలుసుకునే సాధనం ఉంది. 2011 నుంచి ప్రతి కాలేజీ తన వెబ్‌సైటులో నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ (సాయం పోను మీ ఇంటికి ఎంత పడుతుందో అంచనా చెప్పేది) పెట్టాలని చట్టం. పన్ను రిటర్ను, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇండియా ఆస్తుల విలువలు ముందు పెట్టుకుని కూర్చోండి. ఒక్కో కాలేజీకి ఇరవై నిమిషాలు పడుతుంది. ఆదాయం మాత్రమే అడిగి ఆస్తులు అడగని క్యాలిక్యులేటర్ చెప్పిన అంకెను నమ్మకండి. పదో తరగతి వేసవిలో ఒక ఆదివారం భార్యాభర్తలిద్దరూ కలిసి ఈ పని చేయండి. వచ్చిన అంకెలు చూశాకే పిల్లలను కాలేజీలు చూపించడానికి తీసుకెళ్లండి. పిల్ల ఒక క్యాంపస్ మీద మనసు పడ్డాక "మన వల్ల కాదమ్మా" అనడం ఎంత కష్టమో అనుభవంతో చెబుతున్నాను.

ఆరో మెట్టు: జాబితాను మూడు కుప్పలుగా వేయండి

మొదటి కుప్ప, అవసరాన్ని బట్టి బాగా ఇచ్చేవి. ఈ మధ్య వీటి గీతలు చాలా పైకి జరిగాయి. హార్వర్డ్, ఎంఐటీ, పెన్ 2025-26 నుంచి రెండు లక్షల డాలర్ల లోపు ఆదాయం ఉన్న ఇళ్లకు ట్యూషన్ ఫీజు లేకుండా చేశాయి. ప్రిన్స్‌టన్ 2025లో ఆ గీతను చాలావరకు 2,50,000 దాకా తీసుకెళ్లింది. ఎమొరీ 2026 నుంచి రెండు లక్షలు అంది. ఈ మాటలన్నిటి వెనుక "సాధారణ స్థాయి ఆస్తులు ఉంటే" అనే షరతు ఉంటుంది. జీతం 1,90,000 ఉండి గచ్చిబౌలిలో మూడు ఫ్లాట్లుంటే ఆ హామీ మీకు వర్తించకపోవచ్చు. ట్యూషన్ పోయినా వసతి, తిండి ఖర్చు ఏడాదికి ఇరవై వేలకు పైనే ఉంటుంది. హార్వర్డ్, ప్రిన్స్‌టన్, పెన్ లాంటి ఐవీ లీగ్ కాలేజీలేవీ మార్కులకు స్కాలర్‌షిప్ ఇవ్వవు. "మా వాడికి పదిహేను వందల యాభై ఎస్‌ఏటీ, ఏదో ఇస్తారు" అని అక్కడ ఆశపడకండి.

రెండో కుప్ప, మార్కులకు ఇచ్చేవి. మూడు లక్షలు దాటిన ఇళ్లకు అసలు దారి ఇదే. ఏ కాలేజీ ఎంత ఉదారమో తెలియాలంటే దాని పేరు పక్కన "కామన్ డేటా సెట్" అని వెతకండి. అందులో హెచ్ విభాగంలో, అవసరం లేని విద్యార్థుల్లో ఎంతమందికి ఎంత ఇచ్చారో అంకెలతో ఉంటుంది. ఎక్కువ ఇళ్లు చూడని పేజీ అది. పదకొండో తరగతి అక్టోబరులో రాసే పీఎస్‌ఏటీని తేలిగ్గా తీసుకోకండి. ఆ మార్కులను బట్టి ఎంపిక చేసే నేషనల్ మెరిట్ స్కాలర్‌షిప్ నుంచి నేరుగా వచ్చేది 2,500 డాలర్లే అయినా, అలబామా యూనివర్సిటీ, మనవాళ్లకు బాగా తెలిసిన యూటీ డాలస్ లాంటివి ఫైనలిస్టులకు చాలా పెద్ద ప్యాకేజీలు ఇస్తాయి. టెక్సస్‌లోని ప్రభుత్వ యూనివర్సిటీల్లో పోటీ మీద కనీసం 1,000 డాలర్ల స్కాలర్‌షిప్ వస్తే, బయటి రాష్ట్రం పిల్లలు కూడా స్థానిక ఫీజు కట్టే వీలుంది.

మూడో కుప్ప మీ రాష్ట్రం. జార్జియాలో ఉన్న మాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే. హోప్, జెల్ మిల్లర్ అని మా రాష్ట్రం మార్కులకు ఇచ్చే స్కాలర్‌షిప్పులకు ఆదాయ పరిమితి లేదు. జెల్‌కు హోప్ లెక్క ప్రకారం 3.7 జీపీఏ, ఒకే సారి రాసిన ఎస్‌ఏటీలో 1200, కష్టమైన కోర్సుల క్రెడిట్లు నాలుగు కావాలి. జార్జియా టెక్‌లోనైనా యూజీఏ (జార్జియా యూనివర్సిటీ)లోనైనా ట్యూషన్ అదే కడుతుంది. స్కూలు చూపించే జీపీఏ వేరు, హోప్ జీపీఏ వేరు. రెండోదాన్ని తొమ్మిదో తరగతి నుంచే చూసుకుంటూ ఉండండి. ఫ్లోరిడాలో బ్రైట్ ఫ్యూచర్స్ స్కాలర్‌షిప్ కూడా ఆదాయం అడగదు. కాలిఫోర్నియాలో మిడిల్ క్లాస్ స్కాలర్‌షిప్ రెండు లక్షలు దాటిన ఆదాయాలకు కూడా వర్తిస్తుంది, కానీ ఆస్తులకు కూడా పరిమితి ఉంది.

ఏడో మెట్టు: ఫారాలు

ఫాఫ్సా, సీఎస్‌ఎస్ రెండూ పన్నెండో తరగతి అక్టోబరు 1న తెరుచుకుంటాయి. ఫాఫ్సాకు పిల్లలకు ఒక ఖాతా, తల్లిదండ్రులకు ఒక ఖాతా విడివిడిగా కావాలి. జాయింట్‌గా పన్ను కట్టేవాళ్లలో ఒక్కరు చాలు. సెప్టెంబరులోనే ఖాతాలు తెరిచిపెట్టుకోండి. ఫాఫ్సా నింపడం ఉచితం, డబ్బు తీసుకుని నింపిపెడతామనేవాళ్లను దగ్గరికి రానివ్వకండి. ఎర్లీ డెసిషన్ వేస్తే ఆర్థిక ఫారాల గడువు నవంబరులోనే ఉంటుంది, ప్రతి కాలేజీ గడువునూ గోడమీద క్యాలెండర్‌లో రాయండి. ఎర్లీ డెసిషన్ అంటే సీటిస్తే అక్కడే చేరతామని మాట ఇచ్చినట్టే. ఇచ్చే సాయం చాలకపోతే తప్పుకోవచ్చు గానీ, వేరే కాలేజీల ఉత్తరాలతో పోల్చుకునే అవకాశం పోతుంది. క్యాలిక్యులేటర్ చూపించిన అంకె కట్టగలమనుకుంటేనే వేయండి.

ఎస్‌ఏఐ ఎంత వచ్చినా ఫాఫ్సా నింపిన పిల్లలందరికీ ఫెడరల్ అప్పు దొరుకుతుంది: మొదటి ఏడాది 5,500, రెండో ఏడాది 6,500, ఆ తర్వాత 7,500. తల్లిదండ్రుల పేరున తీసుకునే పేరెంట్ ప్లస్ అప్పుకు మాత్రం 2026 జులై 1 నుంచి ఒక్కో బిడ్డకు ఏడాదికి 20,000, మొత్తం మీద 65,000 అని కట్టడి పెట్టారు. పాత లెక్కతో "మిగిలింది ప్లస్‌లో తీసుకుందాం" అనుకుని ఉంటే మార్చుకోండి. ఏటా 2,500 దాకా ఇచ్చే అమెరికన్ ఆపర్చునిటీ పన్ను రాయితీ కూడా జాయింట్ ఆదాయం 1,80,000 దాటితే రాదు.

ఎనిమిదో మెట్టు: ఉత్తరం వచ్చాక

సాయం ఉత్తరాలు ఒకదానికొకటి పోలిక లేకుండా ఉంటాయి. ఒక కాగితం మీద మీరే గీతలు కొట్టుకోండి: మొత్తం ఖర్చు, తిరిగి ఇవ్వక్కర్లేని డబ్బు, మిగిలింది. అప్పునూ క్యాంపస్ ఉద్యోగాన్నీ సాయంలో కలిపి పెద్ద అంకె చూపించే ఉత్తరాలుంటాయి, ఆ రెంటినీ లెక్కలోంచి పక్కకు తీయండి.

ఇచ్చింది చాలకపోతే అడగొచ్చు. చట్టమే కాలేజీ ఆఫీసుకు ఆ అధికారం ఇచ్చింది, దీన్ని ప్రొఫెషనల్ జడ్జ్‌మెంట్ అంటారు. ఉద్యోగం పోయింది, ఆ ఏడాది వెస్టింగ్ మళ్లీ రాదు, హైదరాబాద్‌లో అత్తగారి ఆపరేషన్‌కు మీరే డబ్బు పంపారు, ఇలాంటివి ఫారంలో ఎక్కడా పట్టవు. ఊళ్లో అమ్మానాన్నలకు నెలనెలా పంపే డబ్బును ఏ లెక్కా తీసెయ్యదు. ఉత్తరంలో రాస్తే మాత్రం చదువుతారు. ఒక పేజీ చాలు. ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, ఎన్ని డాలర్లు, రుజువేమిటి. ఉద్యోగం తీసేసిన ఉత్తరం, ఆసుపత్రి బిల్లులు, డబ్బు పంపిన రసీదులు జతచేయండి. తెలుగులో ఉన్న బిల్లుకు ఇంగ్లిషు అనువాదం, ఆ రోజు మారకం రేటు పక్కన పెట్టండి. అడగడం పరువు తక్కువ అని మా ఆయన మొదట ఒప్పుకోలేదు. అబ్బాయి విషయంలో ఆయనకు వెస్ట్ అయిన షేర్ల కాగితాలు పెట్టి రాసిన ఉత్తరానికి నాలుగు వారాల్లో జవాబొచ్చింది, ఏడాదికి ఆరు వేలు పెంచారు.

సీటు ఖాయం చేసుకునే గడువు సాధారణంగా మే 1. అప్పీలు ఏప్రిల్ మొదటి వారంలోనే వెళ్లాలి. ఫాఫ్సా, సీఎస్‌ఎస్ ఒక్కసారితో అయిపోవు, సాయం కావాలంటే చాలాచోట్ల ప్రతి ఏడాదీ నింపాలి. మార్కుల స్కాలర్‌షిప్ నిలబడటానికి ఎంత జీపీఏ కావాలో ఉత్తరంలో చూసి పిల్లలకు చెప్పండి. జెల్‌కైతే 3.3.